కూలికి రంగు ఎక్కడిది: అమెరికా చౌక కొలువుల్లో జాతి అంతరాలపై సమీక్ష

1968 ఫిబ్రవరి 1. అమెరికాలోని మెంఫిస్ నగరంలో జోరువాన. ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు పారిశుద్ధ్య కార్మికులు చెత్త లారీ వెనక తొట్టిలోకి దూరి తలదాచుకున్నారు. చెత్తను అదిమే యంత్రం తనంతట తాను కదిలి ఇద్దరినీ నలిపి చంపింది. రెండు వారాలు తిరక్కుండానే సుమారు 1,300 మంది కార్మికులు పని మానేశారు. దాదాపు అందరూ నల్లజాతివారే. తామూ మనుషులమేనని రాసిన అట్టలు పట్టుకుని వీధుల్లో నడిచారు. వారికి అండగా వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్ ఏప్రిల్ 4న ఆ ఊళ్లోనే తూటాకు బలయ్యాడు.

ఆ చావుల వెనక రెండు ప్రశ్నలున్నాయి. చెత్త ఎత్తే పని నల్లవారి పాలే ఎందుకు పడింది? చెత్త ఎత్తే పనికి అంత తక్కువ కూలి ఎందుకు? మొదటిది మనుషుల ఎంపిక గురించి, రెండోది పని వెల గురించి. ఆర్థికవేత్తలు, సామాజిక శాస్త్రవేత్తలు అరవై డెబ్బై ఏళ్లుగా రాసినదాంట్లో మొదటి ప్రశ్నదే పైచేయి. రెండోదాన్ని చాలాకాలం ఎవరూ గట్టిగా అడగలేదు. నైపుణ్యం అక్కర్లేని పని కాబట్టి చౌక అనేసి ఊరుకున్నారు. ఈ రెండు ప్రశ్నలనూ విడదీసి చూడడం వల్లే చర్చ ఇంతగా చిక్కుపడిందని నా అభిప్రాయం. ఎవరు ఏం చెప్పారో, ఎక్కడ రుజువు గట్టిగా ఉందో, ఎక్కడ లేదో వరసగా చూద్దాం.

లెక్కలు, లెక్కల్లోని కంతలు

అమెరికా కార్మిక గణాంకాల సంస్థ 2021 సంవత్సరానికి ఇచ్చిన లెక్క ఇది: పూర్తికాలం పనిచేసేవారి మధ్యస్థ వారపు సంపాదన తెల్లవారికి 1,018 డాలర్లు, నల్లవారికి 801, లాటినోలకు 777, ఆసియన్లకు 1,328. నల్లవారిలో నిరుద్యోగం తెల్లవారి కంటే సుమారు రెట్టింపు ఉండడం దశాబ్దాలుగా మారని సంగతి. మంచి రోజుల్లో రెండు రేట్లూ తగ్గుతాయి, చెడ్డ రోజుల్లో రెండూ పెరుగుతాయి, వాటి మధ్య నిష్పత్తి మాత్రం దాదాపు అలాగే ఉంటుంది.

ఈ అంకెలకు మూడు కంతలున్నాయి. ఒకటి, ఇవి పూర్తికాలం పని దొరికినవారివి. వారానికి పద్దెనిమిది గంటలు, ఇరవై రెండు గంటలు చొప్పున పని దొరికే దుకాణపు కార్మికులు ఇందులో లేరు. రెండు, జైళ్లలో ఉన్నవారిని ఈ సర్వే లెక్కించదు. తక్కువ చదువున్న నల్లజాతి యువకులు భారీగా జైలుపాలైన కాలంలో, అడుగున ఉన్న సంపాదనలు లెక్కలోంచి జారిపోయి, సగటు అంతరం ఉన్నదానికంటే చిన్నదిగా కనిపించిందని బ్రూస్ వెస్టర్న్, బెకీ పెటిట్ 2005లో చూపించారు.

మూడోది 'ఆసియన్' అనే గంప. తెలుగువారు దీన్ని ప్రత్యేకంగా గమనించాలి. హెచ్‌-1బి వీసాల మీద వెళ్లిన మన ఇంజనీర్ల జీతాలు ఆ సగటును పైకి లాగుతాయి. అదే గంపలో భూటాన్ నుంచి వచ్చిన నేపాలీ శరణార్థులున్నారు, లావోస్ కొండల నుంచి వచ్చిన మోంగ్ కుటుంబాలున్నాయి, న్యూయార్క్ కుట్టుకేంద్రాల్లో పనిచేసిన చైనా స్త్రీలున్నారు. 1995లో కాలిఫోర్నియాలోని ఎల్ మాంటీలో ముళ్లకంచె వెనక నిర్బంధంలో బట్టలు కుడుతూ బయటపడిన 72 మంది థాయ్ కార్మికులదీ ఈ గంపే. మన పిల్లల్లోనూ రెండు కథలున్నాయి. ఎఫ్‌-1 వీసా మీద చదివే విద్యార్థికి చదువు సాగే రోజుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటల పనికే అనుమతి. ఫీజుల బరువు మోయలేక బయట గ్యాస్ స్టేషన్‌లోనో హోటల్ వంటింట్లోనో నగదుకు పనిచేసేవాడు, కనీస వేతనం ఇవ్వకపోయినా నోరు మెదపలేడు. కూలి రాబట్టుకునే హక్కు చట్టంలో ఉంది. దాన్ని అడిగితే వీసా పోతుందన్న భయం ఆ హక్కు కంటే బలమైనది.

చట్టం గీసిన గీత

ఆర్థిక మాంద్యంలో చిక్కిన అమెరికాకు రూజ్వెల్ట్ ప్రభుత్వం మూడు పెద్ద చట్టాలిచ్చింది: 1935లో సామాజిక భద్రత, అదే ఏడు సంఘం పెట్టుకునే హక్కునిచ్చిన వాగ్నర్ చట్టం, 1938లో గంటకు 25 సెంట్ల కనీస వేతనం. పొలాల్లో పనిచేసే కూలీలకు, ఇళ్లలో పనిచేసేవారికి ఈ మూడూ వర్తించలేదు. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి పురుషులు ఎక్కువగా చేసేది మొదటి పని, నల్లజాతి స్త్రీలు ఎక్కువగా చేసేది రెండోది. సామాజిక భద్రత బిల్లు మీద విచారణ జరుగుతున్నప్పుడే, నల్లజాతి హక్కుల సంఘం తరఫున వచ్చిన న్యాయవాది చార్లెస్ హ్యూస్టన్ ఆ బిల్లును జల్లెడతో పోల్చి, దాని కంతలు సరిగ్గా నల్లవారు జారిపోయేంత వెడల్పున ఉన్నాయని సెనేట్ సంఘం ముందు చెప్పాడు.

ఆ కంతలను కావాలనే పెట్టారా? ఈ చర్చలో మొదటి పెద్ద చీలిక ఇక్కడే. రాబర్ట్ లీబర్‌మన్ 1998లో, ఐరా కాట్జ్‌నెల్సన్ 2005లో వెలువరించిన పుస్తకాలు అవుననే చెబుతాయి. తమ పొలాల్లో చౌక కూలీలు చేజారిపోకుండా దక్షిణాది డెమొక్రాట్ నాయకులు ఓట్ల బలంతో ఆ మినహాయింపులు రాయించుకున్నారన్నది వారి వాదన. గారెత్ డేవీస్, మార్తా డెర్థిక్ 1997లో, లారీ డెవిట్ 2010లో దీన్ని ఖండించారు. వేలాది పొలాల నుంచి, లక్షలాది వంటిళ్ల నుంచి చందా వసూలు చేయడం కష్టమని ఖజానా శాఖే అభ్యంతరం చెప్పిందనీ, ఇతర దేశాలు కూడా ఆ రోజుల్లో ఈ కార్మికులను వెంటనే చేర్చుకోలేదనీ, బయట మిగిలినవారి మొత్తంలో తెల్లవారే ఎక్కువమందనీ వారు గుర్తుచేశారు.

చివరి మాట నిజమే, కానీ అది సగం నిజం. బయట మిగిలిన మొత్తంలో తెల్లవారు ఎక్కువ. అయితే నల్లజాతి కార్మికుల్లో దాదాపు మూడింట రెండు వంతుల మంది బయటే ఉండిపోయారు. ఉద్దేశం మీద వాదన సామాజిక భద్రత చట్టం విషయంలో ఇంకా తెగలేదు. కనీస వేతనం, సంఘం హక్కు దగ్గరికి వచ్చేసరికి 'వసూలు కష్టం' అన్న సమాధానం బలహీనపడుతుంది, ఎందుకంటే అక్కడ చందా వసూలే లేదు. పొలం కూలీలకు వాగ్నర్ చట్టం ఈనాటికీ వర్తించదు. కాలిఫోర్నియా 1975లో సొంత చట్టం చేసుకుంది, అది వేరే సంగతి.

ఉద్దేశం సంగతి ఎలా ఉన్నా, ఫలితాన్ని కొలిచే అవకాశం 1966లో వచ్చింది. ఆ ఏడాది సవరణతో కనీస వేతనం ఆసుపత్రులు, పాఠశాలలు, హోటళ్లు, రెస్టారెంట్లు, లాండ్రీలు, వృద్ధాశ్రమాలు, పెద్ద పొలాల దాకా వెళ్లింది. దేశంలోని మొత్తం కార్మికుల్లో సుమారు 20 శాతం ఈ రంగాల్లో ఉంటే, నల్లజాతి కార్మికుల్లో దాదాపు మూడో వంతు ఇక్కడే ఉన్నారు. 1960ల చివర, 1970ల మొదట్లో నల్లవారికీ తెల్లవారికీ మధ్య సంపాదన అంతరం గట్టిగా తగ్గింది. ఆ తగ్గుదలలో 20 శాతానికి పైగా ఈ ఒక్క సవరణదేనని ఎలోరా డెరెనాంకోర్, క్లెయిర్ మోంటియాలూ 2021లో లెక్కగట్టారు. ఉద్యోగాలు చెప్పుకోదగ్గ స్థాయిలో పోలేదని కూడా వారు తేల్చారు.

అంతకు ముందు ఆ తగ్గుదలకు రెండు వివరణలే ప్రచారంలో ఉండేవి. దక్షిణాదిలో నల్లజాతి పిల్లల బడులు మెరుగుపడడమే కారణమని కార్డ్, క్రూగర్ రాశారు. 1964 పౌరహక్కుల చట్టాన్ని కేంద్రం గట్టిగా అమలు చేయడమే కారణమని డోనహ్యూ, హెక్‌మన్ రాశారు. ఈ రెండూ కార్మికుడి చదువునో, యజమాని ప్రవర్తననో చూసిన వివరణలు. మూడోది పని వెలను చూసింది. అదే సవరణను వేరే పద్ధతిలో పరిశీలించిన మార్తా బెయిలీ బృందం, మొత్తం మీద ఉపాధి పెద్దగా తగ్గకపోయినా నల్లజాతి పురుషుల మీద దెబ్బ ఎక్కువ పడిన గుర్తులున్నాయని చెప్పింది. కాబట్టి ఈ వివరణ కూడా మచ్చలేనిది కాదు. అయినా, చట్టం మారగానే అంతరం మారింది. కూలి తక్కువగా ఉండడంలో చట్టం చేయి ఉందనడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం ఈ సాహిత్యంలో నాకు కనబడలేదు.

ఇక్కడ మెంఫిస్‌ను మళ్లీ తలుచుకోవాలి. పురపాలక కార్మికులు 1966 సవరణలో కూడా పూర్తిగా చేరలేదు, వాగ్నర్ చట్టం ప్రభుత్వ ఉద్యోగులకు మొదటి నుంచీ లేదు. చెత్త ఎత్తేవారి కూలికి నేల అనేదే లేకుండా పోయింది.

1966 సవరణ ఇంకో పని కూడా చేసింది. రెస్టారెంట్ కార్మికులను ఒక చేత్తో చట్టంలోకి తెచ్చి, ఇంకో చేత్తో టిప్పులు వచ్చేవారికి కనీస వేతనంలో సగమే యజమాని ఇస్తే చాలంది. మిగతాది వచ్చిపోయేవారి దయ. టిప్పు అందుకునేవారికి యజమాని చెల్లించాల్సిన కేంద్ర కనీసం 1991 నుంచి 2.13 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. మామూలు కనీస వేతనం 2009 నుంచి 7.25 దగ్గరే ఉంది. టిప్పులు కలిపినా 7.25 రాకపోతే లోటు యజమానే పూడ్చాలన్న నియమం ఉంది, అడిగి రాబట్టుకోవాల్సింది మాత్రం కార్మికుడే. న్యూ హేవెన్ నగరంలో ట్యాక్సీ డ్రైవర్ల టిప్పులను లెక్కించిన ఇయన్ ఎయర్స్ బృందం 2005లో ఒక విషయం బయటపెట్టింది: నల్లజాతి డ్రైవర్లకు తెల్ల డ్రైవర్ల కంటే సుమారు మూడో వంతు తక్కువ వచ్చింది. ప్రయాణికుడు యజమాని కాదు, అతని మీద వివక్ష కేసు పెట్టలేరు. కూలిలో కొంత భాగాన్ని అతని చేతికి అప్పగించడమంటే ఆ భాగాన్ని వివక్ష నిరోధక చట్టం చేతికి అందకుండా చేయడమే.

యజమాని మనసు: అయిష్టమా, అంచనానా?

గ్యారీ బెకర్ 1957లో వివక్షను ఒక 'అభిరుచి'గా చూశాడు. నల్లవారితో పనిచేయడం ఇష్టంలేని యజమాని ఆ అయిష్టానికి తగిన వెల చెల్లిస్తాడు, పోటీ గట్టిగా ఉంటే అలాంటివాడు వెనకబడతాడు, కాలక్రమంలో వివక్ష తగ్గాలి అన్నది అతని లెక్క. ఎడ్మండ్ ఫెల్ప్స్ 1972లో, కెన్నెత్ ఆరో ఆ మరుసటి ఏడాది ఇంకో మాట అన్నారు. యజమానికి ద్వేషం లేకపోవచ్చు. ఎదుటి మనిషి గురించి తెలియనప్పుడు అతని గుంపు సగటును అతనికి అంటగడతాడు. పోటీ దీన్ని కడిగేయదు, పైగా పెంచనూవచ్చు.

ఈ సిద్ధాంతాలను వీధిలో పరీక్షించినది డెవా పేజర్. 2003లో అచ్చయిన ఆమె మిల్వాకీ అధ్యయనంలో ఒకే రకం అర్హతలున్న యువకులు 350 మంది యజమానుల దగ్గరికి చిన్న ఉద్యోగాలకు వెళ్లారు. ఏ నేరచరిత్రా లేని తెల్ల యువకుల్లో 34 శాతానికి తిరిగి పిలుపు వచ్చింది. జైలుకు వెళ్లొచ్చానని రాసిన తెల్ల యువకులకు 17 శాతం. నేరచరిత్ర లేని నల్ల యువకులకు 14 శాతం. నేరచరిత్ర ఉన్న నల్ల యువకులకు 5 శాతం. జైలు నుంచి వచ్చిన తెల్లవాడు, మచ్చలేని నల్లవాడి కంటే ఒక అడుగు ముందే ఉన్నాడు.

వెస్టర్న్, బోనికోవ్‌స్కీలతో కలిసి ఆమె న్యూయార్క్‌లో చేసిన రెండో పరీక్ష (2009లో వెలువడింది) నా దృష్టిలో ఇంకా విలువైనది. తెల్ల, లాటినో, నల్ల యువకులకు అందిన సానుకూల స్పందనలు వరసగా 31, 25, 15 శాతం. అంకెల కంటే వాళ్లు తెచ్చిన వివరాలు ఎక్కువ చెబుతాయి. కస్టమర్లతో మాట్లాడే పనికి దరఖాస్తు పెట్టిన నల్ల, లాటినో యువకులను గిన్నెలు కడిగే పనికో, బరువులు మోసే పనికో మళ్లించడం పదే పదే జరిగింది. తెల్ల యువకులను అడిగినదానికంటే మెరుగైన పనికి పంపడమూ జరిగింది. యజమాని 'వద్దు' అనలేదు, వంటింటి దారి చూపించాడు. పిలుపులను మాత్రమే లెక్కపెట్టే పరీక్షల్లో ఇది పట్టుబడదు.

దరఖాస్తుల మీద పేర్లు మార్చి పంపే పద్ధతికి బెర్‌ట్రాండ్, ములైనాథన్ 2004 అధ్యయనం పేరు తెచ్చింది. బోస్టన్, షికాగోల్లో తెల్లవారి పేర్లకు నల్లవారి పేర్ల కంటే 50 శాతం ఎక్కువ పిలుపులొచ్చాయి. 1989 నుంచి జరిగిన 24 క్షేత్ర పరీక్షలను కలిపి చూసిన లింకన్ క్విలియన్ బృందం 2017లో చెప్పినది మరింత కలవరపెడుతుంది. ఆ పాతికేళ్లలో నల్లవారి పట్ల వివక్ష తగ్గిన గుర్తు లేదు, లాటినోల విషయంలో కాస్త తగ్గి ఉండవచ్చు. క్లైన్, రోజ్, వాల్టర్స్ 2022లో 108 పెద్ద కంపెనీలకు సుమారు 83,000 దరఖాస్తులు పంపి, నల్లవారికి దక్కకుండా పోయిన పిలుపుల్లో దాదాపు సగానికి కంపెనీల్లో ఐదో వంతే కారణమని తేల్చారు. వివక్ష గాలిలా అంతటా సమానంగా పరుచుకుని లేదు, కొన్ని చోట్ల గడ్డకట్టి ఉంది. గడ్డ ఎక్కడుందో తెలిస్తే దాన్ని కోయవచ్చు కాబట్టి, ఈ సాహిత్యంలో ఆశ కలిగించే కొద్ది ఫలితాల్లో ఇదొకటి.

అభ్యంతరాలూ తక్కువేం కావు. జేమ్స్ హెక్‌మన్ 1998లో అన్నది ఇది: యాదృచ్ఛికంగా ఎంచిన యజమానుల్లో సగటు వివక్షను మీరు కొలుస్తున్నారు, కానీ నిజమైన కార్మికుడు తనను రానివ్వని గుమ్మం ఎక్కడు, రానిచ్చే గుమ్మాన్నే వెతుక్కుంటాడు, అక్కడి పరిస్థితే అతని కూలిని నిర్ణయిస్తుంది. డెరెక్ నీల్, విలియం జాన్సన్ 1996లో, కౌమారంలో రాసిన ఒక సామర్థ్య పరీక్ష మార్కులను లెక్కలోకి తీసుకుంటే యువకుల జీతాల అంతరంలో సుమారు మూడు వంతులు, అంటే నాలుగింట మూడు, మాయమవుతుందని చూపి, అసలు అంతరం ఉద్యోగానికి ముందే, బడిలోనూ ఇంట్లోనూ పుడుతోందన్నారు. ఇది తోసిపుచ్చలేని ఫలితం. కానీ వాళ్లు కొలిచినది జీతం. పని దొరకనివాడికి జీతమే లేదు. పైగా పేజర్ పంపిన యువకులు ఒకే అర్హతలతో వెళ్లినవారు, గిన్నెలు కడగడానికి ఆ పరీక్ష మార్కులు అక్కర్లేదు.

కూలీకీ కూలీకీ మధ్య

యజమానినే చూస్తే తోటి కూలీ కనబడడు. ఎడ్నా బోనాసిచ్ 1972లో ఆ లోటు పూడ్చింది. ఒకే పనికి రెండు జాతుల కూలీలకు రెండు ధరలున్నచోట మూడు పక్షాలుంటాయని ఆమె చెప్పింది: చౌకను కోరే యజమాని, ఎక్కువ ధర పలికే కూలీ, తక్కువ ధరకు దిగే కూలీ. ఎక్కువ ధర కూలీ తన కొలువు కాపాడుకోవడానికి రెండోవాణ్ని గుమ్మం బయటే ఆపుతాడు, లేదా ఫలానా పనులకే పరిమితం చేస్తాడు. జాతి ద్వేషం ఈ ధరల తేడాలోంచి పుడుతుందన్నది ఆమె సూత్రం.

ఇది తెలుగువారికి కొత్త కథ కాదు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరుతో 'కోరంగీలు' అనిపించుకున్న మన కూలీలు మేస్త్రీల కింద రంగూన్ ఓడరేవులో బరువులు మోసేవారు. 1930 మేలో వాళ్లు కూలి పెంచమని సమ్మె చేస్తే యజమానులు బర్మా కూలీలను తెచ్చి పెట్టారు. సమ్మె తీరగానే బర్మావారిని పొమ్మన్నారు. మే 26న రేవు దగ్గర మొదలైన గొడవ ఊరంతా పాకి వందమందికి పైగా ప్రాణాలు తీసింది. చచ్చినవారిలో ఎక్కువమంది మనవాళ్లే. రెండు వైపులా కూలీలే కొట్టుకున్నారు, కూలి రేటు నిర్ణయించినవారి మీదికి ఎవరూ వెళ్లలేదు.

అమెరికాలో ఇదే యంత్రాంగం మిసిసిపీ కోళ్ల ఫ్యాక్టరీల్లో సాగింది. ఏంజెలా స్ట్యూసీ 2016 పుస్తకం దాన్ని దగ్గరగా చూపిస్తుంది. మొదట తెల్లజాతి స్త్రీలు చేసిన పని పౌరహక్కుల పోరాటం తర్వాత నల్లవారికి తెరుచుకుంది. వారు సంఘం కట్టి కూలి అడగడం మొదలుపెట్టాక, 1990ల్లో కంపెనీలు టెక్సస్ సరిహద్దు నుంచి, మయామీ నుంచి లాటిన్ అమెరికా కూలీలను రప్పించాయి. 2019 ఆగస్టు 7న వలస అధికారులు ఆ ఫ్యాక్టరీల మీద దాడిచేసి సుమారు 680 మందిని పట్టుకుపోయారు. ప్రతి మలుపులోనూ కూలీల జాతి మారింది, కత్తి పట్టి కోళ్లు కోసే వరస మాత్రం అక్కడే ఉంది.

దీనికి ఎదురు ఉదాహరణా ఉంది. కాలిఫోర్నియా ద్రాక్ష తోటల్లో ఫిలిపినోలు సమ్మె చేస్తే మెక్సికన్లను, మెక్సికన్లు చేస్తే ఫిలిపినోలను దింపడం తోటల యజమానులకు అలవాటు. 1965 సెప్టెంబరు 8న లారీ ఇట్లియాంగ్ నాయకత్వంలో ఫిలిపినోలు డెలానోలో పని ఆపారు. ఎనిమిది రోజుల తర్వాత సీజర్ చావెజ్ సంఘంలోని మెక్సికన్లు వారితో కలిశారు. 1970లో ఒప్పందాలు వచ్చాయి. బోనాసిచ్ సూత్రంలో ఈ కలయికకు చోటు తక్కువ, అదే దాని బలహీనత.

రోజర్ వాల్డింగర్, మైకేల్ లిక్టర్ లాస్ ఏంజెలిస్‌లో చూసినది మరో పొర. ఖాళీ ఏర్పడగానే కార్మికుడే తన బావమరిదినో ఊరివాణ్నో తెస్తాడు. యజమానికి ప్రకటన ఖర్చు లేదు, మనిషికి పూచీ దొరుకుతుంది. అలా ఒక వంటిల్లు మొత్తం ఒకే జిల్లా మనుషులతో నిండిపోతుంది. అందులో ఎవరి దురుద్దేశమూ లేకపోవచ్చు, కానీ బంధువు లేని నల్లజాతి యువకుడికి ఆ తలుపు ఎప్పుడు తెరుచుకుందో కూడా తెలియదు. అయితే యజమానులు అమాయకులేం కారు. 1988-89లో షికాగో యజమానులను ఇంటర్వ్యూ చేసిన కిర్షెన్‌మన్, నెకర్‌మన్‌లకు వాళ్లు ఫలానా పేటలో ఉండే నల్లజాతి యువకులు పనికి రారని మొహమాటం లేకుండా చెప్పారు. జాతి, పేట, తరగతి వాళ్ల మాటల్లో కలిసిపోయాయి.

జాతా, వర్గమా?

విలియం జూలియస్ విల్సన్ 1978లో, జాతి ప్రాధాన్యం తగ్గుతోందనీ వర్గమే ముందుకొస్తోందనీ రాసి దుమారం రేపాడు. ఫ్యాక్టరీలు నగరం విడిచి వెళ్లిపోవడంతో పేద నల్లవారి పేటల్లో పనే కరువైందన్నది అతని తర్వాతి వాదన. కొలువులు శివార్లకు, నల్లవారి ఇళ్లు నగరం నడిబొడ్డుకు పరిమితమయ్యాయని జాన్ కేన్ 1968లోనే చెప్పాడు. విలియం డారిటీ వంటివారు దీనితో ఏకీభవించరు. గుంపుల మధ్య హోదా నిచ్చెన ఉన్నంతకాలం పై మెట్టు మీదివారికి దాన్ని నిలబెట్టుకోవడంలో లాభం ఉంది, అందుకే అది నిలుస్తుంది అంటారు. ఈ వాదానికి మూలం 1935లో డుబాయిస్ చేసిన పరిశీలనలో ఉంది: పేద తెల్లవాడికి కూలి తక్కువైనా, తెల్లవాడిననే గౌరవం అతనికి అదనపు జీతంలా అందింది. ఇల్లు నగరంలో, పని శివారులో ఎందుకున్నాయని అడిగితే మళ్లీ నల్లవారికి ఇళ్లు అమ్మని, అప్పులివ్వని చరిత్ర దగ్గరికే చేరతాం. కాబట్టి వర్గమా జాతా అని ఒకటి ఎంచుకోమనడం దండగ.

పోల్చి చూస్తే, ఈ వాదాల మధ్య అసలు తేడా అవి నిలబడి చూసే చోటులో ఉంది. బెకర్, ఫెల్ప్స్ గుమ్మం దగ్గర నిలబడ్డారు. నీల్, జాన్సన్ బడి దగ్గర. బోనాసిచ్, వాల్డింగర్ కూలీల మధ్య. కేన్, విల్సన్ ఇంటికీ పనికీ నడుమ బస్సు దారిలో. కాట్జ్‌నెల్సన్, డెరెనాంకోర్ చట్టసభలో. మందు కూడా ఆ చోటును బట్టే మారుతుంది: తనిఖీ, చదువు, సంఘం, రవాణా, కనీస వేతనం. గుమ్మం దగ్గర నిలబడినవారి కొలతలు అన్నింటికంటే కచ్చితమైనవి. కచ్చితంగా కొలవగలిగిందే ముఖ్యమైనదన్న భ్రమ అక్కడే మొదలైంది. నేరచరిత్ర లేని నల్లవాడికి గిన్నెలు కడిగే పని దొరికిందనే అనుకుందాం. ఆ పనికి అందరికీ సమానంగా దక్కే కూలే బతకడానికి చాలకపోతే, గుమ్మం దగ్గరి న్యాయం అతని ఇంటి అద్దె కట్టదు.

ఇంకా తేలనివి

వలసలు నల్లజాతి కార్మికుల కూలిని తగ్గించాయా? 1980లో సుమారు 1,25,000 మంది క్యూబన్లు మయామీకి వచ్చినా కూలి పడిపోలేదని డేవిడ్ కార్డ్ 1990లో రాశాడు. హైస్కూలు పూర్తిచేయని పురుషులను విడిగా చూస్తే గట్టిగా పడిపోయిందని జార్జ్ బోర్హాస్ తర్వాత వాదించాడు. క్లెమెన్స్, హంట్ లోపలికి వెళ్లి చూస్తే, సరిగ్గా ఆ ఏళ్లలోనే సర్వేలో ఆ చిన్న గుంపులోని నల్లజాతి పురుషుల వాటా పెరిగిందనీ, కూలి పడినట్లు కనిపించడానికి అది ఒక కారణమనీ తేలింది. అంటే సర్వేలో ఎవరు చేరారన్న సంగతే ఇంత పెద్ద వాదాన్ని ఊపేసింది. మెక్సికన్ కూలీలను తెచ్చిన బ్రసేరో పథకాన్ని 1964లో ఆపినా పొలం కూలి పెరగలేదని, రైతులు యంత్రాల వైపు మళ్లారని క్లెమెన్స్ బృందం ఇంకో అధ్యయనంలో చూపింది. వలసను ఆపితే ఇక్కడివారి కూలి దానంతటదే పెరుగుతుందన్న రాజకీయ వాగ్దానానికి రుజువు పలచన. మిసిసిపీలో జరిగినట్లు ఒక ఫ్యాక్టరీలో ఒక గుంపు స్థానంలో మరో గుంపు రావడం మాత్రం కాదనలేనిది. ఈ రెండింటినీ కలిపి చెప్పే సిద్ధాంతం ఇంకా లేదు.

మంచి ఉద్దేశంతో చేసిన చట్టం ఎదురుతిరగడం రెండో చిక్కు. దరఖాస్తులో నేరచరిత్ర గడి తీసేయాలన్న నియమం న్యూజెర్సీలో, న్యూయార్క్ నగరంలో వచ్చాక, అమాండా ఎయ్‌గన్, సోన్యా స్టార్ సుమారు 15,000 దరఖాస్తులు పంపి చూశారు. గడి ఉన్న కంపెనీల్లో అంతకు ముందు 7 శాతం ఉన్న తెల్ల, నల్ల పిలుపుల తేడా, గడి తీసేశాక 43 శాతానికి పెరిగింది. సమాచారం లేనప్పుడు యజమాని రంగును బట్టి ఊహించాడు. ఫెల్ప్స్ సూత్రం పరీక్షలో నెగ్గిన సందర్భమిది, నెగ్గకపోయి ఉంటే బాగుండేది.

మూడోది కొలతే సరిగా లేని చోటు: గుమ్మం దాటాక జరిగేది. దుకాణాలు, ఫాస్ట్‌ఫుడ్ కేంద్రాల కార్మికుల మీద స్టోరర్, ష్నైడర్, హార్క్‌నెట్ 2020లో చేసిన అధ్యయనం, ఒకే కంపెనీలో కూడా శ్వేతేతరులకు చివరి నిమిషంలో షిఫ్టు రద్దవడం, వేళలు మారడం ఎక్కువని చూపింది. గంటకు అదే కూలి, వారం చివరికి వేరే జీతం. పైన చూసిన వారపు సంపాదన అంకెల్లో ఇది కనబడదు. ఆ ఏడాదే కోవిడ్ ఇంకో కొలత ఇచ్చింది. మాంసం ఫ్యాక్టరీల్లో జాతి వివరం తెలిసిన కేసుల్లో 87 శాతం శ్వేతేతరులవేనని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం జూలైలో ప్రకటించింది.

మన దేశంలో సుఖదేవ్ థోరాట్, పాల్ ఆట్వెల్ 2007లో ఇలాగే పేర్లు మార్చి దరఖాస్తులు పంపి, దళిత, ముస్లిం పేర్లకు పిలుపులు తక్కువని రుజువు చేశారు. అవి పట్టభద్రుల ఉద్యోగాలు. మురుగు కాలువలోకి దిగే పనికి దరఖాస్తు ఉండదు, అక్కడ పని ఎవరి పాలన్న మొదటి ప్రశ్నకు జవాబు పుట్టుకతోనే రాసి ఉంటుంది. కాబట్టి అమెరికా పద్ధతిని ఇక్కడికి తెచ్చేవారు రెండో ప్రశ్నతోనే, పని వెలతోనే మొదలుపెట్టాలి.

అమెరికాలో చట్టపు గీత మళ్లీ కదులుతోంది. నార్త్ కరోలినాలోని ఒక విద్యుత్ కేంద్రంలో ఒకప్పుడు నల్లవారిని ఒకే విభాగానికి పరిమితం చేశారు. ఆ విభాగంలో అత్యధిక కూలి మిగతా విభాగాల్లోని అత్యల్ప కూలి కంటే తక్కువ. అక్కడి కార్మికులు వేసిన గ్రిగ్స్ కేసులో సుప్రీంకోర్టు 1971లో, ఉద్దేశం రుజువు కాకపోయినా, పనికి సంబంధం లేని నిబంధన ఒక జాతిని వెనక్కి నెడితే అది చట్టవిరుద్ధమంది. 2025 ఏప్రిల్‌లో అధ్యక్షుడి ఉత్తర్వు ఆ సూత్రం అమలును వీలైనంత తగ్గించమని కేంద్ర శాఖలను ఆదేశించింది. కనీస వేతనం గీతదీ ఇదే కథ. ఇళ్లలో వృద్ధులను చూసుకునేవారిలో అత్యధికులు స్త్రీలు, సగానికి మించి శ్వేతేతరులు. 1974లో ఇంటిపనివారు కనీస వేతనంలోకి వచ్చినప్పుడు వీరిని 'తోడుగా ఉండేవారు' అని బయట పెట్టారు. జమైకా నుంచి వచ్చిన ఎవిలిన్ కోక్ అదనపు గంటల కూలి కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2007లో ఓడిపోయింది. 2013లో నిబంధన మార్చి వీరిలో అధికులను చట్టంలోకి తెచ్చారు. 2025 జూలైలో కార్మిక శాఖ ఆ మార్పును వెనక్కి తీసుకోవాలని ప్రతిపాదించింది.